‘జి’ విలువ ఎంతో విద్యార్థులనే నిర్ణయించనివ్వండి: గేమ్ డిజైన్ పాఠ్యప్రణాళికలు రాస్తున్న పెద్దలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన బోర్డ్ ఆఫ్ స్టడీస్ సభ్యులకు, ఆచార్యులకు,

నమస్కారం.

తెలంగాణ ప్రభుత్వం 2016లో యానిమేషన్, గేమింగ్ రంగాల కోసం ‘ఇమేజ్’ పేరిట ఒక విధానాన్ని ప్రకటించింది. 2022 కేంద్ర బడ్జెట్‌లో ఇదే రంగానికి టాస్క్‌ఫోర్స్ ఏర్పాటు గురించి ప్రస్తావన వచ్చింది. అప్పటి నుంచి మన రెండు రాష్ట్రాల్లో గేమ్ డిజైన్ పేరుతో డిగ్రీలు, డిప్లొమాలు మొదలవుతున్నాయి. వాటికి సిలబస్ రాసే బాధ్యత మీ మీద ఉంది. హైదరాబాద్‌లో చాలా ఏళ్లుగా గేమ్‌ప్లే ప్రోగ్రామర్‌గా పనిచేస్తూ, కోర్సులు ముగించుకుని వచ్చే పిల్లలతో ప్రతి సంవత్సరం కలిసి కూర్చునే అవకాశం ఉన్న వ్యక్తిగా నేను మీ ముందు ఉంచదలచుకున్నది ఒక్క విషయమే. ఆటలో వస్తువులు ఎలా కదలాలి, ఎలా పడాలి, ఎలా ఢీకొనాలి అని లెక్కించే పనిని మేము వాడుకలో ‘ఫిజిక్స్’ అంటాం. ఆ ఫిజిక్స్‌ను ప్రోగ్రామింగ్ విభాగంలో ఒక యూనిట్‌గా, డిజైన్‌ను దానితో సంబంధం లేని వేరే పేపర్‌గా విడదీసి బోధించవద్దని మిమ్మల్ని వేడుకుంటున్నాను.

ఎందుకు ఇంతగా అడుగుతున్నానో ఒక సంఘటన చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. గత సంవత్సరం ఒక యువకుడు కోర్సు చివర తాను చేసిన గేమ్‌ను నాకు చూపించాడు. ఇరుకు వీధుల బస్తీలో ఒక కుర్రాడు తెగిన గాలిపటం వెంట డాబా మీద నుంచి డాబా మీదికి దూకుతూ పరుగెడతాడు. తీగల మీద ఆరేసిన బట్టలు, నల్లటి నీళ్ల ట్యాంకులు, పిట్టగోడల మీద ఎండబెట్టిన వడియాలు, అన్నీ ఎంతో ప్రేమగా గీశాడు. అయితే కుర్రాడు దూకిన ప్రతిసారీ నీళ్లలో తేలుతున్నవాడిలా నెమ్మదిగా లేచి, అంతే నింపాదిగా దిగుతున్నాడు. అవతలి డాబా మీద కాలు ఎప్పుడు ఆనుతుందా అని ఎదురుచూడటం తప్ప ఆడేవాడికి చేయడానికి ఏమీ లేదు. గురుత్వ త్వరణం, అంటే పడే వస్తువు వేగం ఎంత త్వరగా పెరగాలో చెప్పే ‘జి’ విలువ, ఎంత పెట్టావని అడిగాను. “9.8 సార్, అది కరెక్టే కదా” అన్నాడు.

భౌతికశాస్త్రం ప్రకారం అతడి మాటలో తప్పేమీ లేదు. కానీ ఆ ఆటలో కుర్రాడు మూడు మీటర్ల ఎత్తు ఎగురుతాడు. భూమి మీద అంత ఎత్తు ఎగరగలిగిన మనిషి ఉంటే, పైకి వెళ్లడానికే 0.78 సెకన్లు పడుతుంది, దిగడానికి మరో 0.78. అంటే గాలిలో సెకనున్నర పైగా ఉంటాడు. ఎత్తు మనిషికి సాధ్యం కానిది, గురుత్వం మాత్రం మన భూమిది. ఈ రెంటినీ కలిపినందువల్లే ఆ తేలిపోవడం వచ్చింది. మేమిద్దరం కాగితం తీసుకుని లెక్కను తిరగేశాం. ఎత్తు మూడు మీటర్లే ఉండాలి, శిఖరానికి చేరే సమయం మాత్రం 0.4 సెకన్లు కావాలి. ఎత్తుకు రెట్టింపును సమయ వర్గంతో భాగిస్తే గురుత్వ త్వరణం 37.5 వచ్చింది, భూమి మీద ఉన్నదానికి దాదాపు నాలుగింతలు. తొలి వేగం సెకనుకు 15 మీటర్లు. ఆ రెండు అంకెలూ టైప్ చేసి ఆట నడిపించాడు. రెండుసార్లు దూకించి చూసుకున్నాడు. మూడోసారి మాటా పలుకూ లేకుండా చివరి డాబా దాకా ఆడుకుంటూ వెళ్లిపోయాడు.

ఆ పిల్లవాడు ఇంటర్మీడియట్‌లో ఎంపీసీ చదివాడు. ఎంసెట్ కోసం ప్రక్షేపక చలనం మీద వందల లెక్కలు చేసి ఉంటాడు. తాతముత్తాతల నాటి స్టడీ మెటీరియల్ తిరగేసినా, ఈ ఏడాది అచ్చయిన పుస్తకం తిరగేసినా ఆ లెక్కలన్నిటిలో కనిపించే వాక్యం ఒకటే: “g విలువను 10గా తీసుకొనుము.” గురుత్వం ఎప్పుడూ ఇచ్చిన విలువే, కనుక్కోవలసినది ఎత్తో కాలమో. గేమ్ డిజైనర్ పని దీనికి సరిగ్గా తలకిందులుగా ఉంటుంది. ఎత్తు, కాలం తనే ఎంచుకుని, దానికి తగిన గురుత్వాన్ని తెచ్చుకుంటాడు. దేశంలో ఇంత మంది విద్యార్థులకు ఈ సమీకరణాలు కంఠతా వచ్చిన ప్రాంతం మనది. వాటిని ఇలా తిరగేసి వాడవచ్చని చెప్పే ఒక్క గంట పాఠం మన కోర్సుల్లో నాకు కనిపించలేదంటే నాకు నిజంగా బాధ కలుగుతోంది.

ఇది ఈ రోజు పుట్టిన ఆలోచన కాదు. అమెరికాలోని బ్రూక్‌హేవెన్ జాతీయ ప్రయోగశాలలో విలియం హిగిన్‌బోథమ్ అనే భౌతికశాస్త్రవేత్త 1958లో సందర్శకుల కోసం ఒక అనలాగ్ కంప్యూటర్‌ను, విద్యుత్ సంకేతాలను తెర మీద గీతలుగా చూపే ఆసిలోస్కోప్‌కు కలిపి టెన్నిస్ ఆటను తయారుచేశాడు. తెర మీద ఒక గీత నేల, చిన్న నిలువు గీత వల, ఎగిరి పడే చుక్క బంతి. మరుసటి ఏడాది దాన్ని మళ్లీ ప్రదర్శించినప్పుడు గురుత్వాన్ని ఎక్కువగానూ తక్కువగానూ మార్చి ఆడుకునే వీలు కల్పించారు. ఆ ఆట పుట్టిన రెండో సంవత్సరంలోనే గురుత్వం ఆటగాడి ముందు తిప్పుకునే మీటగా మారింది. 1962లో ఎంఐటీలో స్టీవ్ రసెల్, అతడి మిత్రులు పీడీపీ-1 యంత్రం మీద చేసిన ‘స్పేస్‌వార్’లో మధ్యనున్న నక్షత్రం రెండు అంతరిక్ష నౌకలనూ తన వైపు లాగుతుంది, కానీ నౌకలు వదిలే టార్పెడోలను లాగదు. అన్నిటికీ లెక్క కట్టే శక్తి ఆ యంత్రానికి లేదు. అయితే ఆ కొరత ఆటకు మేలే చేసింది: తన నౌకను నక్షత్రం లాగుతున్నా, తాను గురిపెట్టిన టార్పెడో మాత్రం తిన్నగా పోతుందన్న నమ్మకం ఆటగాడికి దక్కింది. ఏ వస్తువు ఏ నియమానికి లోబడాలి అనే నిర్ణయమే అక్కడ డిజైన్.

ఇక 1985 నాటి ‘సూపర్ మారియో బ్రదర్స్’ సంగతి. మీటను నొక్కి పట్టుకున్నంత సేపు పైకి లేస్తున్న మారియో మీద గురుత్వం తక్కువ. వేలు తీయగానే అది పెరుగుతుంది. అందువల్లే చిన్న గెంతు, పెద్ద గెంతు రెండూ ఒకే మీటతో చేతికి అందుతాయి. 2018లో వచ్చిన ‘సెలెస్ట్’లో మీట పట్టుకుని ఉంటే గెంతు శిఖరం దగ్గర గురుత్వం సగానికి తగ్గుతుంది, ఎక్కడ దిగాలో చూసుకోవడానికి కనురెప్పపాటు వ్యవధి దొరుకుతుంది. అంచు దాటి కాలు గాలిలో పడ్డాక కూడా కొద్ది ఫ్రేముల పాటు (తెర మీద బొమ్మ ఒకసారి మారితే ఒక ఫ్రేము) దూకనిస్తుంది. ఇవన్నీ భౌతిక నియమాలను ఉల్లంఘించేవే. అయినా ఆడేవాడికి ఇందులో అన్యాయం కనిపించదు, తన వేలి మాట ఆట వింటోందనే అనిపిస్తుంది.

నేను చెప్పిన గేమ్ కథ అక్కడితో ముగియలేదు. మర్నాడు ఆ యువకుడు ఫోన్ చేసి, వాళ్లమ్మ ఫోన్‌లో ఆడితే కుర్రాడు మూడో డాబా మీది నీళ్ల ట్యాంకు ఎక్కలేకపోతున్నాడని చెప్పాడు. ట్యాంకు ఎత్తు 2.8 మీటర్లు. లాప్‌టాప్‌లో ఇబ్బంది లేదు. కోడ్ తెరిచి చూస్తే, కదలికను స్థిరమైన కాలవ్యవధిలో లెక్కించకుండా తెర మీద ఫ్రేము మారినప్పుడల్లా లెక్కిస్తున్నాడని తెలిసింది. కదలికను నిరంతరంగా లెక్కించడం కంప్యూటర్‌కు సాధ్యం కాదు. ముక్కలు ముక్కలుగా, ప్రతి ముక్కలో ముందు వేగాన్ని తగ్గించి, ఆ తగ్గిన వేగంతో స్థానాన్ని జరుపుతుంది. ముక్క పెద్దదైన కొద్దీ పొరపాటు పెరుగుతుంది. మా అంకెలతోనే లెక్కించి చూశాం. సెకనుకు 60 ఫ్రేములు వచ్చే లాప్‌టాప్‌లో గెంతు 2.875 మీటర్లు, 30 ఫ్రేములే వచ్చే ఆ ఫోన్‌లో 2.75 మీటర్లు. ట్యాంకు అంచు సరిగ్గా ఈ రెంటికీ మధ్య ఉంది. కాగితం మీద మూడు మీటర్లన్న గెంతు ఎక్కడా మూడు మీటర్లు కాలేదు.

అయ్యా, ఖరీదైన ఫోన్ ఉన్నవాడు ఎక్కగలిగిన ట్యాంకును చౌక ఫోన్ ఉన్నవాడు ఎక్కలేకపోవడం నా దృష్టిలో సాంకేతిక లోపానికి మించినది. మన ఊళ్లలో ఎక్కువ మంది పిల్లలు ఆడేది ఇంట్లో ఉన్న ఒక్క మామూలు ఫోన్‌లోనే. ఆ పిల్లవాడు తనకు ఆట చేతకాదనుకుని ఫోన్ పక్కన పెట్టేస్తాడు. నిజానికి ఓడింది అతడు కాదు. ఆటలు తయారుచేయడానికి వాడే యూనిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో (ఇలాంటి వాటిని ఇంజిన్ అంటాం) ఫిజిక్స్ లెక్కకు 0.02 సెకన్ల స్థిర వ్యవధి ముందే అమర్చి ఉంటుంది. కదలికను అందులోకి మారిస్తే అన్ని ఫోన్లలోనూ గెంతు ఒకేలా వస్తుంది. సరిచేయడానికి మాకు పది నిమిషాలు పట్టింది. కానీ తేడా ఎక్కడ పుడుతుందో తెలియకపోతే పది నెలలు వెతికినా దొరకదు. అనుభవజ్ఞులకు కూడా ఇలాంటివి ఎదురయ్యాయి. 1999లో వచ్చిన ‘క్వేక్ 3 అరీనా’లో వేగాన్ని పూర్ణాంకాలకు సవరించే పద్ధతి వల్ల సెకనుకు 125 ఫ్రేములు వచ్చేలా అమర్చుకున్నవారు మిగతావారికంటే కాస్త ఎత్తుగా దూకగలిగేవారు. పోటీల్లో ఆడేవారు ఆ అంకెను వెతికి పట్టుకుని మరీ వాడుకున్నారు.

ఫిజిక్స్ ఎంత ఎక్కువగా ఉంటే ఆట అంత బాగుంటుందన్న అపోహ కూడా మన ప్రాజెక్టుల్లో విపరీతంగా కనిపిస్తుంది. దీనికి 1998లో వచ్చిన ‘ట్రెస్‌పాసర్’ను పాఠంగా చెప్పవచ్చు. పెట్టెలు, కర్రలు, తుపాకులు అన్నిటికీ బరువు, చలనం ఉండాలన్న పెద్ద ఆశతో చేసిన ఆట అది. ఆటగాడు మౌస్‌తో పాత్ర చేతిని కదిలించి ఒక్కొక్క వస్తువును పట్టుకోవాలి. పట్టుకున్నది జారిపోయేది, పేర్చిన పెట్టెలు వణికి పడిపోయేవి, మెట్టు కట్టుకుని పైకి ఎక్కడమే పెద్ద శిక్షగా మారేది. ఆరేళ్ల తరవాత 2004లో వాల్వ్ సంస్థ డబ్లిన్‌లో పుట్టిన హావోక్ ఫిజిక్స్ ఇంజిన్‌ను మార్చి వాడుకుంటూ ‘హాఫ్-లైఫ్ 2’ విడుదల చేసింది. అందులోనూ పెట్టెలకు బరువుంది, పలకలు ఊగుతాయి. కానీ ఏ బరువు ఎప్పుడు ఆటగాడి చేతికి రావాలో ఎంతో ఓపికగా తీర్చిదిద్దారు. కాలువ దగ్గర ఒక తూగుపలక ఉంటుంది. దాని ఒక చివర సిమెంటు దిమ్మలు పేరిస్తే రెండో చివర పైకి లేస్తుంది, దాని మీదుగా ఎక్కాలి. ఎవరూ ఏమీ చెప్పరు. చిన్నప్పుడు పార్కులో ఊగిన జ్ఞాపకమే అక్కడ సూచన. తరవాత వస్తువులను లాగి విసిరే గ్రావిటీ గన్‌ను చేతికిచ్చి, ముందుగా ‘డాగ్’ అనే రోబోతో బంతాట ఆడిస్తారు. ఆ వెంటనే రంపపు పళ్లేలు విరివిగా దొరికే చీకటి ఊరిలోకి పంపుతారు. ఆటలో నేర్చుకున్నదే అక్కడ ఆయుధమవుతుంది. రెండు ఆటల మధ్య లెక్కించే శక్తిలో తేడా ఉన్నమాట నిజమే. అయినా ‘ట్రెస్‌పాసర్’ను దెబ్బతీసింది, ఆ లెక్కకూ ఆడేవాడి చేతికీ పొంతన కుదరకపోవడమేనని నేను గట్టిగా నమ్ముతాను.

ఈ పొంతన కుదర్చడం కోసం అసలు లెక్కను పక్కకు జరపవలసి వచ్చినా వెనుకాడకూడదు. కార్లతో ఫుట్‌బాల్ ఆడించే ‘రాకెట్ లీగ్’లో బుల్లెట్ అనే ఫిజిక్స్ ఇంజిన్ సెకనుకు 120 సార్లు లెక్కిస్తుంది. అయితే కారు బంతిని తాకినప్పుడు ఆ ఇంజిన్ ఇచ్చే ఫలితానికి తోడు, డిజైనర్లు తామే రూపొందించిన మరో ప్రచోదనాన్ని, అంటే ఒక్కసారిగా ఇచ్చే తోపును, బంతికి అందిస్తారు. కారు ఆకారంలోని ప్రతి ఒంపుకూ బంతి ఒక్కో దిక్కుకు ఎగిరిపోతే సాధన చేసి నేర్చుకోవడానికి ఏమీ మిగలదు కాబట్టి.

క్రికెట్‌ను తీసుకోండి, మన విద్యార్థుల్లో సగం మంది మొదట చేయాలనుకునేది అదే. గంటకు 144 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతి సెకనుకు 40 మీటర్లు ప్రయాణిస్తుంది. 0.02 సెకన్ల వ్యవధిలో లెక్కిస్తే ఒక్కో ముక్కలో 80 సెంటీమీటర్లు గెంతుతుంది. బ్యాట్ మందం నిబంధనల ప్రకారం 67 మిల్లీమీటర్లు మించదు. అంటే ఒక లెక్కలో బంతి బ్యాట్‌కు ఇవతల ఉంటే, తరవాతి లెక్కలో అవతల ఉంటుంది. తాకినట్టు కంప్యూటర్‌కు తెలియనే తెలియదు. ఇలాంటి ప్రాజెక్టులో బంతి బ్యాట్‌లోంచి దూరిపోవడం చూసి విద్యార్థులు ఇంజిన్‌లో బగ్ ఉందనుకోవడం నేను చాలాసార్లు చూశాను. బంతి దారి మొత్తాన్ని పరిశీలించే పద్ధతిని ఆన్ చేస్తే తాకడం తెలుస్తుంది. అప్పుడు అసలు ప్రశ్న మొదలవుతుంది. రెండు క్రీజుల మధ్య దూరం 17.7 మీటర్లు, అంత వేగంలో బ్యాటర్‌కు దొరికే సమయం అర సెకను కూడా లేదు. బొటనవేలితో అద్దం మీద ఆడే మనిషికి ఆ సమయం చాలుతుందా? చాలదనుకుంటే బంతి వేగం తగ్గించాలా, బౌలర్ చేతిలో ఉండగానే బంతి పడే చోటు చూపించాలా, లేక తాకడాన్ని లెక్కించడం మానేసి, వేలు నొక్కిన సమయాన్ని బట్టి షాట్‌ను నిర్ణయించాలా? మూడో దారి పట్టినవారు అంచు తగిలి స్లిప్‌లోకి పోయే బంతిని ఎక్కడి నుంచి తెస్తారు? బంతి, బ్యాట్ నిజంగా ఢీకొన్నట్టు లెక్కిస్తే అది దానంతటదే పుడుతుంది. సమయాన్ని చూసి నిర్ణయించే పద్ధతిలో డిజైనర్ దాన్ని కావాలని పెట్టాలి. ఈ ప్రశ్నలను ఏ పేపర్‌లో అడగాలి, ప్రోగ్రామింగ్‌లోనా, డిజైన్‌లోనా? ఇప్పటి సిలబస్‌లలో దేనిలోనూ చోటు లేదు.

నింటెండో వారి పని మరింత ముందుకు వెళ్లింది. 2017లో వచ్చిన జెల్డా ఆటలో ఫిజిక్స్ ఇంజిన్‌కు తోడు నిప్పు, నీరు, గాలి, విద్యుత్తు వస్తువుల స్థితిని ఎలా మారుస్తాయో చెప్పే నియమాలను పెట్టి, దానికి ‘కెమిస్ట్రీ ఇంజిన్’ అని పేరు పెట్టుకున్నారు. గడ్డి అంటుకుంటే వేడిగాలి లేస్తుంది, ఆ గాలితో ఆటగాడు పైకి ఎగరవచ్చు. 2023 నాటి తరవాతి భాగంలో వస్తువులను అతికించి బండ్లూ పడవలూ కట్టుకునే వీలు ఇచ్చారు. ఫిజిక్స్‌కు లోబడని తలుపు ఒక్కటి మిగిలినా ఆటగాడు కట్టిన వస్తువు దానికి తగిలినప్పుడు అంతా చెదిరిపోతుండటంతో, అన్నిటినీ ఫిజిక్స్ కిందికే తెచ్చామని వారే ఒక సదస్సులో వివరించారు. అలాంటి నిర్ణయం ప్రోగ్రామర్ ఒక్కడూ తీసుకోలేడు, డిజైనర్ ఒక్కడూ తీసుకోలేడు.

ఇప్పుడు నా విన్నపాలు. మొదటి సెమిస్టర్‌లోనే, ఇంజిన్ తెరవకముందే, ప్రతి విద్యార్థి చేత ఒక చుక్కను ఎగిరించే చిన్న ప్రోగ్రాం రాయించండి. వేగం, స్థానం, కాలవ్యవధి, ఇంతకు మించి అక్కరలేదు. ఆ తరవాత తరగతిలో ఒక క్యారమ్ బోర్డు పెట్టించండి. స్ట్రయికర్ జారి ఆగడాన్ని ఫోన్‌లో వీడియో తీసి, ఘర్షణ గుణకాన్ని లెక్కించి, అదే విలువతో తెర మీద క్యారమ్ చేయమనండి. పౌడర్ చల్లక ముందు ఒకసారి, చల్లాక ఒకసారి. నిజమైన విలువ అరచేతిలో పట్టే తెర మీద బాగుందో లేదో తోటివారి చేత ఆడించి, బాగా లేకపోతే ఎంత మార్చారో, ఎందుకు మార్చారో రాయమనండి. నా ఉద్దేశంలో ఆ రెండు పేజీల రాతకు ఒక పూర్తి డిజైన్ డాక్యుమెంట్ కంటే ఎక్కువ మార్కులు ఇవ్వాలి. చివరి ప్రాజెక్టును ల్యాబ్‌లోని మంచి కంప్యూటర్‌లో మాత్రమే కాక, కనీసం ఒక చౌక ఫోన్‌లో కూడా పరీక్షించాలని నిబంధన పెట్టండి.

ఆర్ట్స్ నుంచి వచ్చే విద్యార్థులు గణితానికి భయపడతారని కొందరు ఆచార్యులు నాతో అన్నారు. వారి ఆందోళనను కొట్టిపారేయను. కానీ ఎత్తు, సమయం అనే రెండు అంకెలు ఎంచుకోవడానికి, గెంతును గ్రాఫ్‌గా గీసి చూడటానికి ఇంజినీరింగ్ గణితం అవసరం లేదు. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చినవారికి త్వరణం, ద్రవ్యవేగం, ఘర్షణ, ప్రచోదనం అనే మాటలు ఇప్పటికే తెలుసు. వివరణలను తెలుగులో రాసే అవకాశం కల్పిస్తే వారు ఎవరికీ తీసిపోరు. ఖర్చు కూడా అడ్డంకి కాదు. ఎరిన్ కాటో రాసిన బాక్స్2డి అనే ఫిజిక్స్ ఇంజిన్ ఉచితంగా దొరుకుతుంది, 2009 నాటి ‘యాంగ్రీ బర్డ్స్’లో పక్షులు పడగొట్టే కట్టడాలు కూలేది దాని లెక్కలతోనే. గోడో ఇంజిన్ కూడా ఉచితమే.

మీ తరవాతి సమావేశానికి పిలిస్తే సొంత ఖర్చుతో వస్తాను. ఆ యువకుడి అనుమతితో అతడి గేమ్‌ను రెండు ఫోన్లలో తెస్తాను, ఒకదానిలో గురుత్వం 9.8, రెండోదానిలో 37.5. ముసాయిదా సిలబస్ తెరవడానికి ముందు సభ్యులందరూ ఒక పది నిమిషాలు ఆ డాబాల మీద దూకి చూడాలని నా మనవి.

భవదీయుడు,
ఒక గేమ్‌ప్లే ప్రోగ్రామర్
హైదరాబాద్